పన్నుల సార్ పన్ను

ఆ ఉదయం పన్నుల సార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నోరు విప్పకుండా ఆఫీసుకు వెళ్ళాలి, నోరు విప్పకుండా మధ్యాహ్నం దాకా కూర్చోవాలి, ఆ తరువాత తాళం వేసుకుని ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకోవాలి. ఎడమవైపు కింది దవడలో ఒక పన్ను రాత్రంతా ఆయన్ని పీక్కుతింది. తెల్లారేసరికి బుగ్గ బంతిలా ఉబ్బింది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మాత్రం ఆ పథకంలో లేదు. పంటి డాక్టరు మాట ఎత్తితేనే ఆయన కాళ్ళు చల్లబడతాయి. ఆఫీసుకు ఎదురుగా ఉన్న పంటి ఆసుపత్రి మెట్లు చాలాసార్లు ఎక్కాడు గానీ, తలుపు తోసిన పాపాన పోలేదు.

భార్యతో చెప్పుకుంటే కాస్త జాలైనా దొరుకుతుందని వంటింటి గుమ్మంలో నిలబడి, "పన్ను చంపేస్తోంది," అన్నాడు.

"కొత్తేముందండీ, ఏటా ఈ రోజుల్లో చంపుతూనే ఉంటుందిగా," అంది ఆవిడ వెనక్కి తిరగకుండానే.

తప్పు ఆవిడది కాదు. ఆయన పన్నుల సలహాదారు. పెళ్ళైన నాటి నుంచీ ఆ ఇంట్లో పన్ను అంటే ప్రభుత్వానికి కట్టేదే తప్ప నోట్లో ఉండేది కాదు. నోట్లో ఉండేవాటిని పళ్ళు అనేవారు. ఇవాళ నొప్పి ఒక్కదానికే కాబట్టి ఆయన ఒక్కదాన్నే అన్నాడు, అక్కడే దెబ్బతిన్నాడు.

పైగా ఆవిడ మనసు ఆవిడ దగ్గర లేదు. హైస్కూల్లో ఆవిడ లెక్కల మేడమ్. పదో తరగతి పిల్లలు ఒక వారం పాటు పనిచేసేవాళ్ళ పక్కన కూర్చుని నిజమైన పని ఎలా ఉంటుందో చూసి రావాలని, ఎన్నో ఆఫీసులూ కొట్లూ తిరిగి అందరినీ బతిమాలి, 'పని పాఠం' అని ఒకటి మొదలుపెట్టింది. ప్రిన్సిపాల్‌కు అది మొదటి నుంచీ గిట్టదు. పుస్తకంలో లేనిది పరీక్షలో రాదు, పరీక్షలో రానిది పిల్లలకు అక్కర్లేదు అన్నది ఆయన సిద్ధాంతం. దానికి తగ్గట్టే మొదటి విడతలో బేకరీకి వెళ్ళిన పిల్లలు కేకులన్నీ రుచి చూసి కడుపు పట్టుకుని తిరిగొచ్చారు. పూలకొట్టుకు వెళ్ళినవాడు చావు ఇంటికి పంపాల్సిన పూలు పెళ్ళివారికి ఇచ్చొచ్చాడు. ఇవాళ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ స్వయంగా ఒక చోటికి వెళ్ళి చూస్తానన్నాడు. అక్కడ పిల్లలు నిజంగా ఏదైనా నేర్చుకుంటున్నారని తోస్తే సరే, లేదంటే ఆ గంటలన్నీ మళ్ళీ పాఠాల పునశ్చరణకే.

ఆయన ఎంచుకున్న చోటు పన్నుల సార్ ఆఫీసే.

"మీరేం చెయ్యక్కర్లేదండీ, ఆ పిల్లతో కాస్త ఓపిగ్గా ఉండండి చాలు," అంది లెక్కల మేడమ్. "తరగతి మొత్తమ్మీద పన్ను అడిగింది ఆ ఒక్క పిల్లే. 'నేను పన్ను లైనులోకే వెళ్తాను మేడమ్' అంది. మీ వృత్తిని ఇష్టపడి అడిగిన మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి."

నిజానికి పన్నుల సార్‌కు కూడా తిరిగాయి. సగం నొప్పివల్ల, సగం సంతోషంవల్ల. ఆవిడ ఈ పని కోసం ఎంత తిరిగిందో, ఎన్ని మాటలు పడిందో ఆయనకు తెలుసు. ఇంక పన్ను ఊసెత్తకుండా బుగ్గకు చెయ్యి అడ్డం పెట్టుకుని బయటపడ్డాడు.

ఆయన ఆఫీసు చెప్పుల కొట్టు మీది మేడగది. ముందు గదిలో గోడ వెంబడి కుర్చీలు, ఒక బల్ల, పాత పత్రికలు. వెనక ఎప్పుడూ తలుపు మూసి ఉండే చిన్న గది, అందులో చేతులు కడుక్కునే తొట్టి. వీధిలోకి కనబడేలా ఒక బోర్డు. దాని మీద మాటలు ఆయనే సొంతంగా అల్లుకున్నాడు. 'పన్ను బాధలా? లోపలికి రండి. నొప్పి తెలియని పరిష్కారం.' ఆ మాటలంటే ఆయనకు ఇప్పటికీ గర్వమే.

ఆ పిల్ల ఆయన కంటే ముందే వచ్చి బోర్డు కింద నిలబడి ఉంది. స్కూలు ప్రయోగశాలలోని తెల్లకోటు తొడుక్కుని, మోచేతుల దాకా మడిచి, మూతికి మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, జేబులో చిన్న టార్చిలైటు పెట్టుకుని మరీ వచ్చింది. పాత కాగితాల దుమ్ము గురించి ఎవరో చెప్పి ఉంటారని, పిల్ల పనిని ఎంత పట్టించుకుందోనని పన్నుల సార్ మురిసిపోయాడు. పిల్ల కూడా కుర్చీల వరుసనూ, పత్రికలనూ, మూసి ఉన్న లోపలి తలుపునూ చూసి తృప్తిపడింది. అసలు పనంతా ఆ గదిలోనే జరుగుతుందనుకుంది. డాక్టరు గారి బుగ్గే వాచి ఉండటం కాస్త వింతగా తోచింది గానీ, పెద్దవాళ్ళను మొదటిరోజే అడగడం బాగుండదని ఊరుకుంది.

"పన్ను గురించి ఏమైనా తెలుసా అమ్మా?" అన్నాడాయన పెదవులు కదపకుండా.

"కొంచెం తెలుసు సార్. మా తమ్ముడి పన్ను నేనే లాగాను."

ఎక్కువగా కట్టిన పన్నును ప్రభుత్వం నుంచి వెనక్కి లాగడమంటే పెద్దవాళ్ళకే తల ప్రాణం తోకకొస్తుంది. పదో తరగతి పిల్ల లాగిందంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. "ఎవరి సాయం లేకుండానే?"

"లేకుండానే సార్. ఏడ్చినా వదల్లేదు."

ఏడ్చింది ఏ స్థాయి అధికారో ఆయన ఊహకు అందలేదు. "అయితే తిరిగొచ్చిందా మరి?"

"నెల తిరక్కుండానే వచ్చేసింది సార్."

పన్నుల సార్ పిల్ల వంక కొత్తగా చూశాడు. ఏళ్ళ తరబడి తిరిగినా పన్ను తిరిగిరాని క్లయింట్లు ఆయనకు ఉన్నారు. ఇంకా చాలా అడగాలనుకున్నాడు గానీ, సరిగ్గా అప్పుడే దవడలోంచి ఒక పోటు చెవి దాకా పాకింది. ఎవరైనా వస్తే కూర్చోబెట్టి బాధేమిటో కనుక్కోమని సైగలతోనే చెప్పి, లోపలి గదిలోకి పోయి తలుపేసుకుని ఉప్పునీళ్ళతో పుక్కిలించడం మొదలుపెట్టాడు. ఆ గుడగుడ చప్పుడు విని పిల్లకు మిగిలిన ఆ కాస్త సందేహమూ తీరిపోయింది. లోపల ఎవరికో వైద్యం జరుగుతోంది.

మొదట వచ్చింది కుర్చీల కొట్టాయన. ఏటా ఒకసారి వచ్చి, పన్ను తప్పించుకునే దారేమైనా ఉందా అని అడిగి, లేదని చెప్పించుకుని పోవడం ఆయన అలవాటు. తెల్లకోటునూ మాస్కునూ చూసి గుమ్మంలోనే తటపటాయించాడు. సార్ లోపల ఒకరితో ఉన్నారనీ, సంగతేమిటో తనతో చెప్పొచ్చనీ పిల్ల మర్యాదగా చెప్పింది.

"ఇంకేముంటుందమ్మా, పన్నే," అన్నాడాయన గొంతు తగ్గించి.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళా? ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదా?"

"చూపిస్తే ఊరుకుంటారా అమ్మా."

ఇలా భయపడేవాళ్ళను బుజ్జగించాలని పిల్ల ఎక్కడో చదివింది. టార్చి వెలిగించి, ఏదీ వెలుతురులోకి రండి చూద్దామంది. ఇక్కడేం దొరుకుతుంది, అంతా ఇంట్లోనే పెట్టి వచ్చానన్నాడు కుర్చీల కొట్టాయన. పిల్లకు సంగతి వెంటనే అర్థమైపోయింది.

"మా నాన్నమ్మ కూడా అంతేనండీ. రాత్రిపూట తీసి మంచం పక్కన గ్లాసులో పెడుతుంది."

"గ్లాసులోనా?" ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఇన్నేళ్ళలో తనకు తట్టని చోటు. "ఎవరూ కనుక్కోరా?"

"ఎందుకు కనుక్కోరండీ, అందరికీ తెలుసు. లోపల కుళ్ళు ఉంటే దాస్తే దాగదు, పక్కనున్నవాటికి కూడా పాకుతుంది. అన్నీ ఒక్కొక్కటీ తట్టి చూడాల్సిందే. మీరేం భయపడకండి, సార్ మత్తిచ్చి తీసేస్తారు. తీసినట్టు మీకు తెలియనే తెలియదు."

లోపలి గదిలోంచి గుడగుడమనే చప్పుడూ, దాని వెంట ఒక మూలుగూ వినిపించాయి. కుర్చీల కొట్టాయన ఇప్పుడే వస్తానని చెప్పి, తలుపు దాకా వెనక్కి వెనక్కి నడిచి, అక్కడ్నుంచి మెట్లమీద దాదాపు దొర్లుకుంటూ దిగాడు.

కింద చెప్పుల కొట్టులో ఆయన చెప్పింది చిన్న ముక్కే, పన్నులవాళ్ళు తనిఖీకి వచ్చారని. ఆ ముక్క వీధి చివరకు చేరేసరికి చిలవలు పలవలు అల్లుకుంది. వచ్చిన అధికారి ఆడమనిషి. ఎవరూ గుర్తుపట్టకుండా మూతికి ముసుగు, వేలిముద్రలు పడకుండా తొడుగులు, చీకటి మూలలు వెతకడానికి లైటు. ఒక కొట్టు తనిఖీ చేసి ఊరుకోరు, పక్కన ఉన్నవన్నీ ఒక్కొక్కటీ తట్టి చూస్తారు. మాట వినకపోతే మత్తిచ్చి తీసుకుపోతారు. పన్నుల సార్‌ను ఇప్పటికే వెనక గదిలో నీళ్ళల్లో ముంచి నిజం కక్కిస్తున్నారు, ఆ చప్పుడు చెవులారా విన్నవాళ్ళు ఉన్నారు. చివరికి గ్లాసులు కూడా వదలరట అన్న మాట విని బేకరీ ఆవిడ తన కొట్టులోని గ్లాసులన్నీ ఒక్కొక్కటే బోర్లించి చూసుకుంది. వాటిలో ఏమీ లేకపోవడం ఆవిడ భయాన్ని మరీ పెంచింది.

పారిపోదామని కొందరు అన్నారు. కొట్లు ఎత్తుకుని ఎక్కడికి పారిపోతాం, అంతకంటే అడక్కముందే వెళ్ళి ఒప్పుకుంటే కాస్త దయ చూపిస్తారని బేకరీ ఆవిడ అంది. కాగితాలున్నవాళ్ళు కాగితాల సంచులతో, లేనివాళ్ళు దిగులు మొహాలతో మెట్లెక్కారు.

పన్నుల సార్ మూతి తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి గదిలో నిలబడటానికి చోటు లేదు. మొదట తను వేరే వాళ్ళ ఆఫీసులోకి వచ్చానేమోనని తలుపు వంక చూసుకున్నాడు. కొన్నేళ్ళుగా ఆయన క్లయింట్ల కోసం మొహం వాచి ఉన్నమాట నిజమే గానీ, ఇవాళ ఆ వాచిన మొహం చూసి జనం ఒక అడుగు వెనక్కి వేశారు. కొట్టారు కూడా, అని ఎవరో గొణిగారు. ఆయన ఏమిటిదంతా అని అడగబోయాడు. దవడ సహకరించక 'ఊఁ' అన్న మూలుగు మాత్రం వచ్చింది. అది చాలు, గది మొత్తం నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలో తెల్లకోటు పిల్ల ముందుకొచ్చి, అందరికీ వినబడేలా, ఎంతో ఆప్యాయంగా ఒకే మాట చెప్పింది. "నోరు తెరిస్తేనే కదండీ బాధ తెలిసేది. ఒక్కొక్కరే నోరు తెరవండి."

తెరిచారు. బేకరీ ఆవిడ మొదలుపెట్టింది, రెండో పొయ్యి సంగతి ఎక్కడా చూపించలేదని. పూలకొట్టతను పెళ్ళిళ్ళ రోజుల రాబడి మరిచిపోయానన్నాడు. కుర్చీల కొట్టాయన తన మూడేళ్ళనూ పూసగుచ్చినట్టు చెప్పి, గ్లాసుల్లో మాత్రం ఏమీ దాచలేదని ఒట్టేశాడు. ఒకరి మాటల్లో ఒకరు పడి అందరూ అంత ధారాళంగా నోళ్ళు తెరిచారు గానీ, కదలకుండా ఒక్క క్షణం తెరిచి ఉంచినవారు లేరు. పిల్ల టార్చి పట్టుకుని ఎంత వంగినా ఒక్క పన్ను కూడా సరిగ్గా కనబడలేదు. పన్నుల సార్ మాత్రం తన కుర్చీలో కూలబడి, ఎన్నేళ్ళుగా ఎంత మొత్తుకున్నా కదలని ఈ మనుషులను ఒక్క పూటలో కదిలించిన ఆ పిల్లను కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ఇలాంటి పిల్ల ఇంటికొకరు ఉంటే దేశం ఎక్కడికో పోతుందనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే లెక్కల మేడమ్ వెంట ప్రిన్సిపాల్ వచ్చాడు. కోటు, టై, కళ్ళజోడు, అందులోంచి అందరినీ అనుమానంగా చూసే చూపు. ఇంతసేపూ చూసింది చిన్న అధికారినే, పెద్దాయన ఇప్పుడొచ్చాడని జనం నిర్ణయించుకున్నారు. కుర్చీల కొట్టాయన ఎదురెళ్ళి చేతులు జోడించి, మూడేళ్ళదీ ఒక్కసారే కట్టేస్తాను, ఈసారికి మన్నించమన్నాడు.

ప్రిన్సిపాల్ ఉద్యోగంలో ఎవరైనా ఏదైనా కట్టేదుంటే అది స్కూలు ఫీజే. అందుకని, "ఆలస్యంగానైనా కడుతున్నారు, సంతోషం. పిల్లలు ఎందరు?" అన్నాడు.

కుటుంబం సంగతి కూడా విచారిస్తున్నారని కుర్చీల కొట్టాయనకు చెమటలు పట్టాయి. ప్రిన్సిపాల్ మాత్రం చాలా ప్రసన్నుడయ్యాడు. ఇంత వినయం ఆయనకు స్కూల్లో ఎప్పుడూ ఎదురుకాలేదు. గది నిండా జనం, మధ్యలో తమ విద్యార్థిని, ఆ పిల్ల మాట్లాడితే పెద్దవాళ్ళు చేతులు కట్టుకుని వినడం. మేడమ్ వంక తిరిగి, ఫరవాలేదే అన్నట్టు తల పంకించాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి పన్నుల సార్ నొప్పి సగం మరిచిపోయాడు.

అంతటితో వెళ్ళిపోయి ఉంటే ఏ గొడవా లేకపోయేది. కానీ ప్రిన్సిపాళ్ళకు ప్రశ్న అడక్కుండా కదలడం చేతకాదు. ఏం నేర్చుకున్నావమ్మా అన్నాడు.

"జనానికి పన్నంటే ఎంత భయమో తెలిసింది సార్," అంది పిల్ల. అందరూ తలలూపారు. "కానీ అందరికంటే ముందు తీయించుకోవాల్సింది మా సారే. లోపలంతా కుళ్ళిపోయి ఉంటుంది. పొద్దుట్నుంచీ ఎవరికీ తెలియకుండా దాస్తున్నారు. ఇంత పేరున్న ఆయనే తన పన్ను సంగతి చూసుకోకపోతే ఎలా సార్?"

జనం అందరూ పన్నుల సార్ వైపు తిరిగారు. కుర్చీల కొట్టాయన కళ్ళల్లో జాలీ, కొంచెం కోపమూ కలిసి కనబడ్డాయి. లెక్కల మేడమ్ రెండడుగులు ముందుకేసింది.

"ఏవండీ, మీరు పన్ను కట్టలేదా?"

ఆ గొంతులోని వణుకు ఆయన పన్ను కంటే ఎక్కువ బాధపెట్టింది. కట్టాననీ, ఏటా అందరికంటే ముందు కడతాననీ అరవాలనిపించింది. మాట రాదు. వేరే దారి లేక, ఇన్నేళ్ళలో ఏ డాక్టరుకూ చూపించని నోటిని ఆయన అంతమంది ముందూ బారెడు తెరిచి, లోపలికి వేలు పెట్టి చూపించాడు. పిల్ల అలవాటుగా టార్చి వేసింది. మేడమ్ వంగి చూసింది.

"ఈ పన్నా? పొద్దున చెప్పింది ఈ పన్ను గురించా?" అంటూ ఆవిడ పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయింది. తరువాత మెల్లగా పిల్ల వంక చూసింది, కోటు వంక, తొడుగుల వంక.

"మరి ఇక్కడ పళ్ళు చూడరా మేడమ్?" అంది పిల్ల.

పళ్ళు అన్న మాట ఆ గదిలో పొద్దుట్నుంచీ వినబడటం అదే మొదటిసారి. ఇంక ఎవరికీ ఏదీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. బేకరీ ఆవిడ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు గదంతా పాకి కుర్చీల కొట్టాయన దగ్గర కాసేపు ఆగి, చివరికి ఆయన్ని కూడా పట్టుకుంది. నవ్వనివాళ్ళు ఇద్దరే. పిల్ల తలొంచుకుని తొడుగులు విప్పేస్తోంది. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

పళ్ళ డాక్టరు కావాలనుకున్న పిల్లను పన్నుల ఆఫీసుకు పంపి, దానికి పాఠమని పేరు పెట్టారని ప్రిన్సిపాల్ చాలా నెమ్మదిగా అన్నాడు. ఇలాంటి పొరపాట్లు పుస్తకాల్లో జరగవన్నాడు. "ఇవాళ్టితో సరి మేడమ్. రేపట్నుంచి పునశ్చరణ."

లెక్కల మేడమ్ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది, అంతే. పన్నుల సార్ ఆ వేలిని చూశాడు. తరువాత కిటికీలోంచి ఎదురుగా ఉన్న పంటి ఆసుపత్రిని చూశాడు. కాళ్ళు ఎప్పటిలాగే చల్లబడ్డాయి. చల్లబడ్డ కాళ్ళతోనే లేచి నిలబడ్డాడు.

"పాఠం ఇంకా అవలేదు," అన్నాడు. మాటలు వంకరగా వచ్చాయి గానీ అందరికీ అర్థమయ్యాయి. "ఈ అమ్మాయికి ఒక పన్ను కావాలి. నా దగ్గర ఒకటుంది. పదమ్మా."

పిల్ల మళ్ళీ తొడుగులు వేసుకుంది.

ఎదురు ఆసుపత్రి మెట్లమీద ఆయన రెండుసార్లు ఆగిపోయాడు. రెండుసార్లూ పిల్ల తన తమ్ముడి సంగతి చెప్పి నడిపించింది. ఈసారి ఆ కథలో ఏడ్చింది ఎవరో ఆయనకు బాగా అర్థమైంది. కుర్చీలో కూర్చున్నాక కళ్ళు గట్టిగా మూసుకుని పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. పిల్ల రెండో చేత్తో లైటు పట్టుకుని, డాక్టరు ఏం చేస్తున్నాడో ఒక్కొక్కటీ ఆయన చెవిలో చెబుతూ వచ్చింది, ఆఖరుకి అయిపోయింది సార్ అంది. మత్తువల్లనో మాటలవల్లనో, తీసింది ఆయనకు తెలియనే తెలియలేదు. బోర్డు మీద తను రాసుకున్న మాటలు నిజం కావడం ఆయన అప్పుడే చూశాడు. ఈ పెద్దమనిషి తలుపు దాకా వచ్చి పారిపోవడం తను కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాననీ, ఆయన్ని ఈ కుర్చీదాకా తెచ్చిన పిల్లను వారం కాదు, సెలవులన్నీ తన దగ్గరే ఉంచమనీ డాక్టరు పట్టుబట్టాడు. ఆ మాట ప్రిన్సిపాల్‌తో తనే చెబుతానని వెంట వచ్చాడు కూడా.

వాళ్ళు తిరిగొచ్చేసరికి మేడగదిలో ఒక్కరూ ఇంటికి వెళ్ళలేదు. ఎలాగూ నోళ్ళు తెరిచాం, సంచులు మోసుకొచ్చాం, తేల్చుకునే పోదామని కూర్చున్నారు. భర్త కుర్చీలో లెక్కల మేడమ్ కూర్చుని, బేకరీ ఆవిడకు నల్లబల్ల లేకుండానే శాతాలు బోధిస్తోంది. కోపం, దిగులు ఏమయ్యాయో తెలియదు, ఆవిడ తరగతిలో ఉన్నప్పుడు ఎంత హుషారుగా ఉంటుందో అంత హుషారుగా ఉంది. ప్రిన్సిపాల్ వెళ్ళిపోకుండా పక్కనే కుర్చీ వేసుకుని శ్రద్ధగా వింటున్నాడు. డాక్టరు తన మాట సగం చెప్పేలోపే, పని పాఠం వచ్చే ఏడూ ఉంటుందనీ, తొమ్మిదో తరగతికి కూడా పెడదామనీ అనేశాడు. మేడమ్ అక్కడే, అందరి ముందే, ఏడ్చేసింది. పన్నుల సార్ ఏదో అనబోయాడు గానీ పెదవి మొద్దుబారి ఉండటంతో నవ్వి ఊరుకున్నాడు.

అందరూ వెళ్ళాక ప్రిన్సిపాల్ తలుపు దగ్గరగా వేసి, తన మిత్రుడొకాయన ఇంటి అద్దె మీద ఎన్నేళ్ళుగానో పన్ను కట్టడం మరిచిపోయాడనీ, ఆయనకు ఏదైనా దారి చెప్పమనీ అడిగాడు. ఆ మిత్రుడి పుట్టినరోజు, అతని భార్య పుట్టింటి పేరు, పెరట్లో అద్దెకిచ్చిన గదుల కొలతలు లెక్కల మేడమ్ ఒక్కొక్కటే అడిగితే, ప్రిన్సిపాల్ దేనికీ తడుముకోకుండా చెప్పాడు.